బీరువా గీత, రంగం టేకు: ఒక చెక్క నేల వెనక ఉన్న చరిత్ర

ఈ ఎపిసోడ్ ఒక గీత గురించి.

అరసవల్లిలో మా నానమ్మ వాళ్ళ ఇల్లు ఉంది. కింద గచ్చు, పైన ఒక చెక్క మేడ. మేడ అంటే పెద్దదేం కాదు, ఒకే గది. కానీ దాని నేల మొత్తం టేకు బల్లలు. వీడియో షూటింగ్‌కి ఆ గదిని స్టూడియోలా మార్చుకుందామని నేను ఒక ఇనుప బీరువాని ఈ మూల నుంచి ఆ మూలకి లాగాను. ఒక్కడినే. కర్‌ర్‌మని శబ్దం వచ్చింది. ఆగి చూస్తే నాలుగడుగుల పొడుగున తెల్లటి గీత. గోరు పెడితే దిగుతోంది.

నానమ్మ మెట్లెక్కి వచ్చి చూసింది. తిట్టలేదు. "గోనె ఎయ్యకుండా లాగీసినావేటిరా బాబూ?" అంది, అంతే. తిట్టి ఉంటేనే బాగుండేది.

సాయంత్రానికి ఇంట్లో పెద్ద మీటింగ్. చిన్నాన్న ఎప్పటినుంచో ఒక ప్లాన్‌తో ఉన్నాడు: ఆ బల్లలు పీకించేసి పాత కలప కొనేవాళ్ళకి అమ్మేద్దాం, స్లాబ్ వేసి టైల్స్ వేయిద్దాం. పాత రంగం టేకుకి ఇప్పుడు మంచి రేటు ఉంది మరి. "ఎలాగూ గీతలు పడిపోయాయి కదా" అన్నాడు. అంటే నా బీరువా ఆయన వాదనకి సాక్ష్యం అయిపోయింది.

నేను నెల రోజులు టైమ్ అడిగాను. బాగు చేయిస్తా, కాకపోతే అమ్మేద్దాం అన్నాను. ఆ నెల రోజుల్లో చదివినవి, చూసినవి, చేసినవి ఇవాళ చెప్తాను. చరిత్ర ఉంటుంది, చివర్లో మీ ఇంట్లో పనికొచ్చే పని కూడా ఉంటుంది. స్కిప్ చేయకండి.

అసలు గీత ఎవరు గీస్తారు?

మొదట ఒక ప్రశ్న. చెక్క నేలని ఎక్కువగా పాడుచేసేది ఏంటి? బీరువా, మంచం, కుర్చీ అంటాం. నేనూ అదే అనుకున్నా. కానీ బీరువాని పదేళ్ళకోసారి జరుపుతాం. రోజూ గీసేది వేరే ఉంది. ఇసుక.

1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఒక వరస తయారు చేశాడు. ఏ రాయి ఏ రాయిని గీయగలదు అన్నదే దాని లెక్క. మెత్తనిది 1, వజ్రం 10. గాజు సుమారు 5.5 దగ్గర ఉంటుంది. మన ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ 7. అంటే మామూలు ఇసుక రేణువు గాజునే గీస్తుంది. ఇంక చెక్క మీద ఉండే పల్చటి పాలిష్ ఎంత?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. అరసవల్లి నుంచి తూర్పుకి వెళ్తే సముద్రం ఎంతో దూరం లేదు. శ్రీకాకుళం తీరంలో ఇసుక మామూలు ఇసుక కాదు, అందులో ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు ఉంటాయి. గార్నెట్ అంటే ఏదో విదేశీ పేరు అనుకోకండి. నవరత్నాల్లో గోమేధికం ఉంది కదా, అది గార్నెట్ కుటుంబంలోదే. దాని గట్టితనం కూడా ఇంచుమించు 7.

ఇందులో తమాషా ఏంటంటే, వడ్రంగులు చెక్కని నునుపు చేసే శాండ్‌పేపర్‌లో ఒక రకానికి గార్నెట్ పొడే వాడతారు. అంటే చెప్పుల కింద అంటుకుని మన నేలని గీసేదీ ఆ ఖనిజమే, కాగితానికి అతికిస్తే ఆ గీతని తీసేసేదీ ఆ ఖనిజమే. తేడా ఒక్కటే. కాగితం మీద రేణువులన్నీ ఒకే సైజు, పైగా మనం చెక్క పోగు వెంబడి రుద్దుతాం. కాలి కింద రేణువు తన ఇష్టం వచ్చినట్టు అడ్డంగా పోతుంది. పోగు వెంబడి పడిన గీత కంటికి ఆనదు. అడ్డంగా పడింది మాత్రం దాక్కోదు.

గీతల్ని చూడటానికి ఒక చిట్కా ఉంది. అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడి సంగతి మీకు తెలుసు. ఏడాదికి రెండుసార్లు, మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు పొద్దున్నే సూర్యకిరణాలు లోపలికి వచ్చి మూలవిరాట్టు పాదాల మీద పడతాయి. వెలుగు ఏ కోణంలో వస్తే ఏది కనబడుతుంది అన్న లెక్క మా ఊరివాళ్ళకి కొత్త కాదు. నేల విషయంలోనూ అంతే. పై నుంచి లైట్ వేస్తే గీతలు కనబడవు. ఫోన్ టార్చ్‌ని నేలకి ఆనించి పక్కగా వేయండి. ప్రతి గీతకీ నీడ పడుతుంది. నేను అలా వేసి చూశాక తెలిసింది, ఆ గదిలో నా బీరువా గీత ఒక్కటే లేదు. గుమ్మం దగ్గర నుంచి కిటికీ దాకా మనుషులు నడిచిన దారంతా సన్నటి గీతలే, వేలల్లో. అక్కడ పాలిష్ ఎప్పుడో పోయింది.

ఆ బల్లలు ఎక్కడివి?

ఇల్లు కట్టినవాడు మా ముత్తాత. ఆయన రంగంలో సామిల్లులో పనిచేశాడని ఇంట్లో చెప్పుకుంటారు. రంగం అంటే ఇవాళ్టి పిల్లలకి తెలియకపోవచ్చు. రంగూన్. అప్పటి బర్మా రాజధాని, ఇప్పుడు యాంగోన్ అంటున్నారు. ఉత్తరాంధ్రలో పాతకాలం మనుషుల్ని అడగండి, "మా తాత రంగం ఎళ్ళాడు" అనే ఇల్లు వీధికి ఒకటైనా దొరుకుతుంది.

టేకు అనే మాట మనదే. ఇంగ్లీషువాళ్ళు వాడే మాట కూడా మన దక్షిణాది నుంచి, మలయాళం తేక్కు నుంచి పోర్చుగీసువాళ్ళ నోట పడి యూరప్ వెళ్ళిందే. టేకు చెక్కలో సహజంగానే నూనె ఉంటుంది, అందుకే చెద, తేమ త్వరగా పట్టవు. ఓడలు కట్టేవాళ్ళకి అది బంగారం. మలబారు అడవుల్లో టేకు తరిగిపోతుంటే బ్రిటిష్‌వాళ్ళు 1840లలో కేరళలోని నిలంబూరులో టేకు తోటలు వేశారు. తోట ఎదగాలంటే దశాబ్దాలు పడుతుంది. ఎదిగిన అడవి బర్మాలో ఉంది.

1852 యుద్ధంలో రంగూన్‌తో సహా దక్షిణ బర్మా బ్రిటిష్‌వాళ్ళ చేతికి వచ్చింది. 1863లో బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ అనే కంపెనీ పుట్టింది. దాని ముఖ్యమైన వ్యాపారం టేకు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ కంపెనీకీ, బర్మా రాజు తిబా దర్బారుకీ గొడవ వచ్చింది. దుంగలకి కట్టాల్సిన సొమ్ము తక్కువ కట్టారని దర్బారు పెద్ద జరిమానా వేసింది. ఆ గొడవని సాకుగా పెట్టుకుని 1885లో బ్రిటిష్‌వాళ్ళు మాండలే మీదికి సైన్యాన్ని పంపారు. తిబాని పట్టుకుని మన రత్నగిరిలో పెట్టారు. ఒక దేశం పోవడానికి టేకు దుంగల లెక్క ఒక కారణం అయింది. ఆ కంపెనీ ఇప్పటికీ ఉంది. మనం టీలో ముంచుకునే బ్రిటానియా బిస్కెట్ల కంపెనీలో పెద్ద వాటా వాడియా గ్రూపులోని ఆ కంపెనీ వైపే ఉంది.

టేకు దుంగ పని ఎలా జరిగేదో వింటే ఆశ్చర్యం వేస్తుంది. పచ్చి టేకు బరువు, నీళ్ళలో మునిగిపోతుంది. అందుకని చెట్టు చుట్టూ బెరడు, కింద చెక్క కొంత ఒలిచి నిలబెట్టే చంపేవారు. రెండు మూడేళ్ళు అలాగే ఎండనిచ్చేవారు. అప్పుడు నరికి, ఏనుగులతో వాగుల్లోకి తోయించి, వానల్లో వాగు పొంగితే ఐరావతి నది దాకా, అక్కడి నుంచి తెప్పలు కట్టి రంగూన్ దాకా తెచ్చేవారు. అడవి నుంచి మిల్లుకి రావడానికే ఏళ్ళు పట్టేది.

మిల్లులో కోసేదెవరు? రేవులో మోసేదెవరు? చాలావరకు మనవాళ్ళే. ఆ రోజుల్లో శ్రీకాకుళం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా కింద ఉండేది. శ్రీకాకుళం జిల్లా అనేది 1950లో వచ్చింది. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి కూలీలు రైసు మిల్లులకి, సామిల్లులకి, రేవుకి వెళ్ళేవారు. కళింగపట్నం, బారువ, భీమిలి లాంటి చోట్ల స్టీమర్ ఒడ్డుకి వచ్చేది కాదు. సముద్రంలో ఆగేది. అలల మీద పడవలో వెళ్ళి ఎక్కాలి. ప్రయాణం డెక్ మీదే, ఎండా వానా అక్కడే. కాకినాడ దగ్గర కోరంగి అనే పాత రేవు ఉంది కదా, ఆ పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అనేవారు. నువ్వు అరసవల్లి వాడివైనా సరే, అక్కడ కోరంగీవే. 1931 లెక్కల ప్రకారం రంగూన్ జనాభాలో సగం కంటే ఎక్కువ మంది భారతీయులు.

ఇది తీపి కథ మాత్రం కాదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వాళ్ళ బదులు బర్మా కూలీల్ని పెట్టుకున్నారు. సమ్మె ముగిసి మనవాళ్ళని మళ్ళీ తీసుకోగానే బర్మావాళ్ళ పని పోయింది. దాని మీద గొడవ మొదలై నగరం మొత్తం పాకింది, చాలామంది ప్రాణాలు పోయాయి. ఎక్కువ దెబ్బ తిన్నది తెలుగు కూలీలే. ఇద్దరు పేదవాళ్ళు కొట్టుకున్నారు, కూలి రేటు పెట్టినవాళ్ళు బాగానే ఉన్నారు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న నగరం వాళ్ళ చేతికి వెళ్ళింది. లక్షల మంది భారతీయులు పారిపోయారు. ఓడ దొరికినవాళ్ళు ఓడలో, దొరకనివాళ్ళు అడవుల్లో, కొండల్లో కాలినడకన. దారిలో పోయినవాళ్ళకి లెక్క సరిగ్గా లేదు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి. తర్వాత 1962లో నె విన్ సైన్యంతో అధికారం తీసుకుని, 1964లో దుకాణాలన్నీ జాతీయం చేస్తే ఇంకో లక్షకు పైగా మంది తిరిగి వచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంప్ అనే పేరు ఈ కథలోంచి వచ్చిందే.

మా ముత్తాత అంతకు ముందే వచ్చేశాడు. చేతిలో డబ్బు పెద్దగా లేదంట. కలప విలువ మాత్రం తెలుసు. ఒక గది పైకప్పుకి, నేలకి సరిపడా బల్లలు సంపాదించాడు.

ఇది ఇంట్లో చెప్పుకునే కథ. నిజమా అని నాకూ డౌటే. ఇంజనీర్ బుర్ర కదా, లాగ్ చూపించమంటుంది. లాగ్ దొరికింది. అది బల్ల కింద ఉంది. అక్కడికి తర్వాత వస్తాను.

రాజుల ఇళ్ళలో నేల ఎలా చూసుకున్నారు?

గీతల బాధ మనకే కాదు. ఫ్రాన్స్‌లో వెర్సాయ్ రాజభవనం ఉంది కదా, అక్కడ 1684లో కొన్ని గదుల్లో పాలరాయి తీసేసి చెక్క పలకల నేల వేశారు. ఎందుకంటే పాలరాయిని కడిగిన నీళ్ళు కిందికి దిగి దూలాలు కుళ్ళిపోతున్నాయి. చెక్కకి నీళ్ళు పోయకూడదు, మైనం పట్టించాలి. దాని కోసమే పనివాళ్ళు ఉండేవారు. కాళ్ళకి బ్రష్‌లు కట్టుకుని గదంతా జారుతూ నేల రుద్దడమే వాళ్ళ ఉద్యోగం. రాజు డాన్స్ చేసిన నేల మెరిసిందంటే ముందు ఇంకెవరో దాని మీద చెమట కార్చారన్నమాట.

ఆ చెమటని ఒక చిత్రకారుడు చూశాడు. గుస్తావ్ కైబోట్ 1875లో ఒక బొమ్మ వేశాడు. చొక్కాల్లేని ముగ్గురు పనివాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని ఒక పారిస్ ఇంటి చెక్క నేలని గీకుతుంటారు. పక్కన చెక్క పొట్టు చుట్టలు చుట్టలుగా పడి ఉంటుంది. కిటికీ వెలుగు నేల మీద ఏటవాలుగా పడి ఎక్కడ గీకారో ఎక్కడ గీకలేదో చూపిస్తుంది. నేను చెప్పిన టార్చ్ చిట్కా అదే. పారిస్‌లో పెద్ద ప్రదర్శన వాళ్ళు ఆ బొమ్మని తీసుకోలేదు. కూలీల్ని అంత పెద్దగా వేయడం వాళ్ళకి నచ్చలేదు. ఇప్పుడది ఓర్సే మ్యూజియంలో ఉంది, జనం దానికోసం వెళ్తారు.

మైనం తర్వాత పెద్ద పేరు లక్కది. ఇది మన సబ్జెక్ట్. మోదుగ, రేగు, కుసుమ లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కారే జిగురే లక్క. దాన్ని శుద్ధి చేసి స్పిరిట్‌లో కరిగిస్తే చెక్క పాలిష్. 19వ శతాబ్దంలో యూరప్ ఇళ్ళలో సామాన్లకి మెరుపు ఇచ్చిన ఫ్రెంచ్ పాలిష్‌లో ఉన్నది ఈ లక్కే. పేరు ఫ్రెంచ్‌వాళ్ళది, పురుగు మనది. పాత గ్రామఫోన్ రికార్డులు కూడా చాలాకాలం లక్కతోనే చేశారు.

లక్క గొప్పతనం మెరుపులో కాదు. వేడి తగిలితే అది మళ్ళీ కరుగుతుంది. స్పిరిట్ తగిలినా కరుగుతుంది. అంటే పాత పూత మీద కొత్త పూత వేస్తే రెండూ కలిసి ఒకటైపోతాయి. గీత పడ్డచోట లక్క కడ్డీని కరిగించి నింపొచ్చు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో బొమ్మలు చేసేవాళ్ళని చూడండి. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. ఆ బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. పెద్ద రాజభవనాల్లో నేలకి చేసిన రిపేరు, మనవాళ్ళు లక్కపిడత మీద రోజూ చేసే పని, రెండూ ఒకే సూత్రం.

మరి ఇది ఎక్కడ మారింది? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. 1937లో జర్మనీలో ఓటో బాయర్ బృందం పాలీయూరిథేన్ కనిపెట్టింది. యుద్ధం అయ్యాక అది నేల పూతగా ఇళ్ళలోకి వచ్చింది. గట్టిగా ఉంటుంది, నీళ్ళకి భయపడదు, ఏడాదికోసారి మైనం అక్కర్లేదు. కానీ గీత పడితే ఆ పొర లక్కలా కలిసిపోదు. చాలాసార్లు మొత్తం రుద్దేసి మళ్ళీ వేయాలి. అదే రోజుల్లో సూది మడమల చెప్పులు వచ్చి నేలలకి గుంటలు పెట్టాయి. చిన్న లెక్క వేయండి. 50 కిలోల మనిషి బరువంతా 1 చదరపు సెంటీమీటరు మడమ మీద పడితే అక్కడ 50 కిలోల ఒత్తిడి. 4 టన్నుల ఏనుగు నాలుగు పాదాల మీద నిలబడితే ఒక్కో చదరపు సెంటీమీటరుకి కిలో కూడా పడదు. మీ నేల మీద ఏనుగు నడిచినా పర్లేదు అనను గానీ, గుంట మాత్రం మడమే పెడుతుంది.

1977లో స్వీడన్‌లో పెర్‌స్టార్ప్ కంపెనీ లామినేట్ నేల తెచ్చింది. ఇప్పుడు మన హైదరాబాద్, వైజాగ్ ఫ్లాట్లలో చెక్క నేల అని వేస్తున్నది చాలావరకు ఇదే. కింద నొక్కిన కలప పొడి పలక, దాని మీద చెక్క ఫోటో, దాని మీద పారదర్శకమైన గట్టి పొర. ఆ పొరలో అల్యూమినియం ఆక్సైడ్ ఉంటుంది. కెంపు, నీలం రాళ్ళలో ఉన్నది కూడా అదే ఖనిజం, మోస్ వరసలో 9. అందుకే త్వరగా గీత పడదు. కానీ పడి, ఫోటో దాటిందంటే అయిపోయింది. రుద్దితే చెక్క రాదు, పొడి వస్తుంది.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తాను. పాత నేలలు ప్యాచ్ చేయడానికి వీలైన సిస్టమ్‌లు. కొత్తవి చాలాకాలం క్రాష్ అవ్వవు, అయితే రీప్లేస్ చేయడమే.

మన ఇళ్ళు దీన్ని ముందే ఎలా ఆపాయి?

ఇక్కడ నాకు నానమ్మ మీద గౌరవం పెరిగింది. మన పాత ఇళ్ళలో మట్టి నేల ఉండేది. దాని మీద గీత పడదా? రోజూ పడుతుంది. అందుకే వారానికోసారో పండక్కో పేడతో అలికేవారు. అలకడం అంటే శుభ్రం ఒక్కటే కాదు, నేల పైపొరని కొత్తగా వేయడం. వెర్సాయ్‌లో కాళ్ళకి బ్రష్‌లు కట్టుకున్న పనివాడు, మా ఊళ్ళో అలుకుగుడ్డ పట్టుకున్న ఆడమనిషి, ఇద్దరూ చేసింది ఒకే పని. కైబోట్ లాంటివాడు మనకి ఎదురుపడలేదు, అంతే.

అలాగే గుమ్మం ముందు అరుగు, అరుగు పక్కన నీళ్ళ గోళెం, చెంబు. చెప్పులు బయటే. బయటి నుంచి వస్తే కాళ్ళు కడుక్కునే లోపలికి. దాన్ని మనం ఆచారం అనో చాదస్తం అనో అనుకున్నాం. మోస్ వరస తెలిశాక చూస్తే అది గార్నెట్‌ని గుమ్మం దగ్గరే ఆపే ఫైర్‌వాల్. "ఇసక కాళ్ళతో మేడెక్కకండర్రా" అని నానమ్మ చిన్నప్పటి నుంచి అరుస్తూనే ఉంది. ఇంట్లో గోళెం తీసేసి కుళాయి పెరట్లో పెట్టాక ఆ అలవాటు పోయింది. గుమ్మం నుంచి కిటికీ దాకా ఉన్న ఆ వేల గీతలు ఎక్కువగా ఆ తర్వాతవే అయి ఉంటాయని నా నమ్మకం.

సరే, బాగు చేయడం ఎలా?

మా ఊరి వడ్రంగి మేస్త్రీ గారు వచ్చారు. వయసు మళ్ళినాయన. ముందు నేల మీద కూర్చుని గీత మీద గోరు అడ్డంగా గీసి చూశారు. అదే మొదటి పరీక్ష, మీరూ చేయండి.

గోరు ఆగకపోతే గీత పూతలోనే ఉంది. మెత్తటి గుడ్డతో దుమ్ము పూర్తిగా తుడిచి, ఉన్న పూత ఏదో దానికి తగ్గ పాలిష్ పల్చగా పట్టిస్తే చాలు. మైనం పూత అయితే మైనం. పోగు వెంబడే రుద్దాలి. ఎప్పుడూ అడ్డంగా వద్దు.

గోరు ఆగి, లోపల రంగు తేలిగ్గా కనబడితే గీత చెక్క దాకా వెళ్ళింది. 220 నంబర్ లాంటి సన్న శాండ్‌పేపర్‌తో పోగు వెంబడి, గీత కంటే కొంచెం వెడల్పుగా రుద్దాలి. దుమ్ము తీయాలి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి థిన్నర్‌తో తుడిచి ఆరనిచ్చాకే పూత వేయాలి, లేకపోతే పూత పట్టదు. ముక్కుకి మాస్క్ పెట్టుకోండి, టేకు పొడి కొంతమందికి పడదు.

గుంట లోతుగా ఉంటే నింపాలి. మైనం కడ్డీ గానీ లక్క కడ్డీ గానీ కరిగించి నింపి, గట్టిపడ్డాక పైన మిగిలింది చదును చేయాలి. అదే చెక్క పొట్టుతో లప్పం కలిపి కూడా పెడతారు, కానీ ఆరాక రంగు ముదురుతుంది. మూలలో ఒకచోట పెట్టి చూసుకోండి.

బరువు పడి నొక్కుకుపోయిన గుంట వేరు. అక్కడ చెక్క పోలేదు, అణిగింది. పూత లేని చోట తడి గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టెని కొన్ని సెకన్లు ఆనిస్తే పోగులు ఉబ్బి పైకి వస్తాయి. లక్క పూత ఉన్నచోట ఇది చేయకండి, తెల్లమచ్చ వస్తుంది.

నూనె సంగతి. కొబ్బరినూనె రాయకండి. అది ఆరదు, జిడ్డుగా ఉండి దుమ్ము పట్టుకుంటుంది. అవిసె నూనె గాలికి గట్టిపడుతుంది, అందుకే వడ్రంగులు దాన్ని వాడతారు. కానీ జాగ్రత్త: అవిసె నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి ఆరుబయట ఆరేయండి. మన పలాస వైపు దొరికే జీడి పెంకు నూనె పడవలకి పూస్తారు కదా అని ఇంట్లో ప్రయోగం చేయకండి. చర్మం కాలిపోతుంది.

లామినేట్ ఉన్నవాళ్ళకి: శాండ్‌పేపర్ అస్సలు పెట్టకండి. రంగు కలిసే మైనంతో గీత నింపండి, లేదా ఆ ఒక్క పలక మార్పించండి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన పలకలు పారేయకుండా దాచుకోండి.

ఇక రాకుండా చూసుకోవడం. గుమ్మం బయట ఒక పట్టా, లోపల ఒక పట్టా. ఈనెల చీపురు కాదు, మెత్తటి కొండ చీపురు. మాప్ గట్టిగా పిండాకే నేల మీద పెట్టాలి. కుర్చీ కాళ్ళకి ఫెల్ట్ ముక్కలు అంటించండి, కానీ వాటిలో ఇసుక ఇరుక్కుంటే అవే శాండ్‌పేపర్ అవుతాయి, అప్పుడప్పుడు మార్చండి. బరువైనది జరపాలంటే ఇద్దరు పట్టి ఎత్తండి. కుదరకపోతే కింద గోనె. నానమ్మ మాట.

బల్ల కింద ఏముంది

పని మధ్యలో మేస్త్రీ గారు గుమ్మం దగ్గర వదులైన బల్ల ఒకటి ఊడదీసి తిరగేశారు. కింది వైపు ఎవరూ చిత్రిక పట్టలేదు. దాని మీద కూడా గీతలే. కానీ ఇవి వంపుగా, విల్లులా, ఒకదాని పక్కన ఒకటి ఒకే దూరంలో ఉన్నాయి. "చేత్తో కోసింది కాదు బాబూ ఇది. చక్రం రంపం" అన్నారు. చేతి రంపం గీతలు తిన్నగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. గుండ్రటి రంపం తిరుగుతూ కోస్తే ఇలా వంపు గీతలు పడతాయి. అంటే ఆ బల్ల మిల్లులో కోసింది. మా ముత్తాత పనిచేసిన మిల్లులోనే అని నేను చెప్పలేను. కానీ ఎవరో ఒక కూలీ, ఏదో ఒక సామిల్లులో, ఆ దుంగని రంపం ముందుకి తోశాడు. ఆ గీత అతనిది.

నేను చెరిపేయాలని కూర్చున్నదీ గీతే, చెరపకూడదు అనిపించిందీ గీతే. పైవైపు గీతల్ని రుద్దాం. కిందివైపు వాటిని అలాగే ఉంచి బల్ల బిగించాం.

చిన్నాన్న మేడెక్కి వచ్చి, "ఇంకో పదేళ్ళకి మళ్ళీ గీతలు పడవా?" అని అడిగాడు. మేస్త్రీ గారు పని ఆపకుండానే, "పడతాయి. గీకితే కింద మళ్ళీ చెక్కే వస్తాది" అన్నారు.

నెల అయింది. బల్లలు అమ్మలేదు. చిన్నాన్న పూర్తిగా ఒప్పుకున్నాడని చెప్పను, నేను చూడనప్పుడు రేటు కనుక్కుంటూనే ఉంటాడు. బీరువా గీత తొంభై శాతం పోయింది. టార్చ్ పక్కగా వేస్తే ఇంకా కనబడుతుంది. నానమ్మ గుమ్మం దగ్గర మళ్ళీ నీళ్ళ బకెట్ పెట్టించింది, చెంబుతో సహా. ఈ వీడియో తీయడానికి వచ్చిన కెమెరా ఫ్రెండ్ కూడా కాళ్ళు కడుక్కునే పైకొచ్చాడు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పాత నేల, తలుపు, దూలం ఏదైనా ఉంటే మార్చేసే ముందు ఒకసారి తిరగేసి చూడండి. రంగం వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళ కథలు మీ ఇంట్లో ఉంటే వాళ్ళు ఉండగానే ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.